ఉప్పు లేని కూర, నిండు సీసా

ఆ ఇంట్లో పొద్దున్నే గొడవ మొదలైందంటే నీళ్ల గురించో ఉప్పు గురించో అయి ఉంటుంది. కూతురు పెద్ద సీసా నింపి నాన్న ముందు పెట్టేది. తల్లి ఉప్పు లేని కూర వడ్డించేది. ఇద్దరూ ఆయన ఆరోగ్యం కోసమే అంటూ ఆయన ప్రాణం తోడేసేవారు.

నాన్న రిటైరైన బస్సు డ్రైవరు. స్టీరింగు ముందున్నన్నాళ్లూ డ్యూటీలో గుక్కెడు నీళ్లు తాగితే ఒట్టు. మధ్యలో బండి ఆపాల్సి వస్తే జనం విసుక్కుంటారని భయం. కూతురేమో సైన్సు టీచరు, కిడ్నీల పాఠం ఏటా చెబుతుంది. ఇన్నేళ్లూ ఎండబెట్టిన కిడ్నీలను ఇకనైనా నీళ్లతో కడగాలని పట్టుబట్టింది. సీసా ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడేది. తల్లి తక్కువ తినలేదు. బీపీ ఉంది కాబట్టి ఉప్పు తగ్గించమని డాక్టరు ఎప్పుడో అంటే, ఆవిడ ఉప్పు డబ్బాను ఏకంగా అటకెక్కించింది.

కొన్నాళ్లుగా నాన్న తీరు మారింది. అడిగిందే అడుగుతున్నారు, నడుస్తూ తూలుతున్నారు, చెప్పులు బీరువాలో పెడుతున్నారు. వయసు మీద పడిందని కూతురు తేల్చేసి, స్కూటరు తాళాలు తన హ్యాండ్‌బ్యాగులో దాచేసింది. తనను పిచ్చివాణ్ణి చేస్తున్నారని ఆయన రుసరుసలాడారు. విసుగులో ఆమె ఒకటికి రెండు మాటలు అంది.

ఆ రోజు ఆయన పాత యూనిఫాం చొక్కాకి గుండీలు తప్పుగా పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"తాళాలివ్వమ్మా. బస్సు టైమైంది."

తల్లి చెంగుతో నోరు కప్పుకుంది. తర్వాత ఆ దుఃఖమంతా కూతురి మీదికి మళ్లింది.

"కడుపు చెరువయ్యేదాకా పోశావు. ఆ నీళ్లే నెత్తికెక్కాయి."

"నువ్వు పెట్టే చప్పిడి కూడు తింటే ఎవరి మతైనా పోతుందమ్మా."

వాళ్లిలా వాదించుకుంటూ ఉండగానే ఆయన వాంతి చేసుకుని గడప మీద కూలబడిపోయారు.

ఆసుపత్రిలో రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ, "ఉప్పు బాగా తగ్గింది," అంది.

తల్లికి అది 'తగ్గించండి' అని వినపడింది. "ఇంకెక్కడ తగ్గించనమ్మా? అసలు వెయ్యడమే మానేశాను," అని వాపోయింది.

డాక్టరమ్మ తల పట్టుకుంది. మందుల చీటీ చూసి, సీసా సంగతీ విన్నాక ఓపిగ్గా చెప్పింది.

"ఒంట్లో ఉప్పుకీ నీళ్లకీ కాపలా కిడ్నీలే. నీళ్లు తక్కువైతే పట్టి ఉంచుతాయి, ఎక్కువైతే బయటికి పంపుతాయి. కానీ పంపడానికీ ఓ హద్దుంది. తిండిలో ఉప్పు మరీ లేకపోతే ఆ హద్దు ఇంకా తగ్గుతుంది. ఈయన బీపీ మాత్ర కూడా ఉప్పుని బయటికి తోసే రకం. అందుకే రక్తంలో ఉప్పు పలచబడింది, మెదడు తికమకపడింది. ఇది మతిమరుపు జబ్బు కాదు. అయితే ఉప్పుని ఒక్కసారిగా పెంచకూడదు, మెల్లగా పెంచాలి."

కూతురు గోడకి ఆనుకుంది. ఇదంతా తను పిల్లలకి చెప్పే పాఠమే. హద్దు అనే మాట బోర్డు మీద తన చేత్తోనే రాసి, ఇంటికొచ్చి మర్చిపోయింది. జబ్బుమనిషి మీద విసుక్కున్న మాటలన్నీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

మాత్ర మార్చారు, నీళ్లకి కొలత పెట్టారు. మెల్లమెల్లగా నాన్న చూపు తేరుకుంది. చొక్కా గుండీలు తనే సరిగ్గా పెట్టుకున్న రోజున తల్లి చాటుకి వెళ్లి కళ్లు తుడుచుకుంది.

కూతురు మంచం పక్కన కూర్చుంది. "తాగలేకపోతున్నానని ఒక్క మాట చెప్పొచ్చుగా నాన్నా?"

ఆయన ఆమె వైపు తిరిగారు.

"బస్సులో జనం విసుక్కుంటారని తాగేవాణ్ణి కాదు. ఇంట్లో నువ్వు విసుక్కుంటావని తాగాను."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఊరుకోమని ఆయనే వీపు నిమిరారు. ఏడుపు తగ్గాక ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి స్కూటరు తాళాలు తీసి దిండు పక్కన పెట్టింది. ఇంటికెళ్లాక, డాక్టరమ్మ సరేనన్నాకే నడపాలంది. ఆయన తలూపారు. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి గ్లాసు మీదికి వెళ్లి ఆగింది.

"దాహం వేస్తోందా నాన్నా?"

ఇన్నాళ్లకి ఆ మాట అడిగింది. ఆయన నిజంగానే ఆలోచించుకుని చెప్పారు.

"లేదమ్మా."

ఆమె గ్లాసు మీద మూత పెట్టేసింది.