గ్లాసెడు నీళ్ళే కదా

నేరేడ్‌మెట్‌లో ఆ పై వాటా చూడగానే నాకు నచ్చింది వంటింటి పక్కనున్న టేకు భోజనబల్ల. ఇంటివాళ్ళది. కిందికి దించే ఓపిక లేక వదిలేశానని చెప్పింది ఇంటావిడ దేవమ్మగారు. ఆవిడ భర్త పర్వతాలు పోయాక కింద ఒక్క గదిలో ఉంటోంది. ఇంత వెలుతురున్న వాటా నాకిచ్చి ఆ చీకటి గదిలోకి ఎందుకు దిగారని అడిగాను. మోకాళ్ళ నొప్పులంది.

"ఒక్కదానివేనా బిడ్డా?"

"ఒక్కదాన్నేనండి."

"మంచిగ వండుకొని తిను. తినేముందు జెర గా బల్ల కొసకు గ్లాసెడు నీళ్ళు వెట్టు."

"ఎవరికి?"

ఆవిడ నా వైపు చూడలేదు. బల్ల వైపు చూసింది. "పెడితే ఏం పోతది? గ్లాసెడు నీళ్ళే గద."

నవ్వాను. ఏ కాపురమైనా గ్లాసెడు నీళ్ళతోనే మొదలవుతుంది. ఆ గ్లాసు కిందపెట్టేసరికి మన జుట్టు నెరుస్తుంది.

నా మాజీ భర్త నాగసాయి నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. గొంతు సవరించుకునేవాడు. అది కాఫీకో, తువ్వాలుకో, వీధి తలుపుకో నేనే తెలుసుకోవాలి. తెలుసుకున్నాను కూడా, ఇరవై ఏళ్ళకు పైగా. చివరికి వచ్చేశాను. "ఒక్కదానివీ ఉండలేవక్కా, నెల తిరక్కుండా మా ఇంటికే వస్తావు చూడు," అన్నాడు తమ్ముడు బుల్లబ్బాయి. వంటింటి పక్కన మడత మంచం వేసి ఉంచాడట, నా కోసం. మగాడికి భయమేస్తే ఇల్లు మారతాడు. ఆడదానికి భయమేస్తే పుట్టింటివాళ్ళు 'మేం చెప్పలేదా' అంటారు. కాబట్టి ఈ ఇంట్లో ఏం జరిగినా భయమేసిందని నేను అనకూడదు. అంటే మడత మంచమే.

కూతురు సింధూర ఒక్కతే మెచ్చుకుంది. మల్కాజ్‌గిరిలో ఒక్క గది తీసుకుని ఉద్యోగం చేసుకుంటోంది. "ఇంక ఎవరి కోసమూ లేవకమ్మా," అంది. దాన్ని మాత్రం నేను బాగానే పెంచాననుకుంటాను. వాళ్ళ నాన్న గొంతు సవరిస్తే దాన్నెప్పుడూ పంపలేదు. నేనే పరిగెత్తేదాన్ని. అది చదువుకుంటూ తలెత్తి చూసేది.

చేరిన వారంలో ఇంటి పనులన్నీ నేనే చేసుకున్నాను. పానా కొనుక్కుని, కారుతున్న కుళాయికి వాషర్ మార్చాను. ఊగుతున్న బల్ల కాలు బిగించాను. బల్ల ఆ కొసన, మనిషి కూర్చుంటే కుడిచేతికి అందేచోట, చంద్రవంకలా ఒక లోతైన నొక్కు ఉంది. గ్లాసు అంచుతో ఏళ్ళ తరబడి అక్కడే కొడితే తప్ప అలాంటి నొక్కు పడదు. నోరు తెరిచి 'నీళ్ళు' అనడానికి కూడా పర్వతాలనే ఆ మహానుభావుడికి బద్ధకమన్నమాట. ఉప్పుకాగితంతో గీకి, లప్పం పెట్టి, వార్నీష్ వేశాను. ఆరాక వేలితో తడిమితే నున్నగా ఉంది. ఒక మనిషిని చెరిపేసినంత హాయిగా అనిపించింది.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. పప్పుచారు కాచి, గుమ్మడి వడియాలు వేయించుకున్నాను. అన్నం ఇంకా పొగలు కక్కుతుండగానే వడ్డించుకున్నాను. పొగలు కక్కే అన్నం నేను అందరి కంచాల్లో చూశాను కానీ, నా కంచంలో చూడటం ఈ ఇంట్లోనే మొదలు. పక్కన పేపరు మడిచి, గళ్ళ నుడికట్టు పూరిస్తూ తింటున్నాను. కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగించాను.

టక్... టక్.

కుళాయి అనుకున్నాను. వెళ్ళి కింద చెయ్యి పెట్టి చూశాను. చుక్క లేదు. వచ్చి కూర్చున్నాను.

టక్. టక్.

బల్ల ఆ కొసనుంచి. అటువైపు వెలుతురు చేరడం లేదు. వార్నీష్ వాసన వేసింది. దాని కిందనుంచి ఇంకో వాసన... జర్దా కిళ్ళీ. నమిలి, నమిలి, నోట్లోనే ఉంచుకున్న కిళ్ళీ.

తర్వాత చూసుకుంటే నేను నిలబడి ఉన్నాను.

బల్ల ఆ కొస పక్కన. చేతిలో నిండు గ్లాసు. ఎప్పుడు లేచానో తెలియదు. ఎప్పుడు ముంచానో తెలియదు. నా కాళ్ళు నన్ను అడగలేదు.

నీళ్ళు సింకులో పారబోశాను. తిరిగొచ్చి కూర్చుని, కాళ్ళు రెండూ కుర్చీ కాళ్ళకు మెలేశాను. ఎడమచేత్తో కుర్చీ అంచు పట్టుకున్నాను. లేవను. ఈసారి లేవను.

టక్ టక్. టక్ టక్.

కంచం అదురుతోంది. చారు మీద అలలు. మోకాళ్ళు వాటంతటవే లేవబోతున్నాయి...

ఫోను మోగింది. సింధూర. స్పీకర్ నొక్కాను.

"తిన్నావా అమ్మా?"

"తింటున్నాను."

"గొంతేంటి అలా ఉంది?"

చెప్పొచ్చు. చెబితే రేపు బుల్లబ్బాయి ఆటో మాట్లాడతాడు. "కారం," అన్నాను.

"ఒక్కదానివే ఉన్నావని ఆవకాయ జాడీ మీద పడ్డావా? ఇక్కడా కరెంటు లేదు. నా బల్ల మీద ఫోన్ లైటు పెట్టుకుని మ్యాగీ తింటున్నా. ఆదివారం వస్తాగానీ, నీ బల్ల..."

టక్. టక్.

"ఆఁ... తెస్తున్నా," అంది సింధూర.

కుర్చీ జరిగిన చప్పుడు. అడుగులు. కుళాయి తిప్పిన చప్పుడు. గ్లాసులో నీళ్ళు నిండుతున్నాయి... నిండాయి.

ఇక్కడ చప్పుడు ఆగిపోయింది. కిళ్ళీ వాసన లేదు. కొవ్వొత్తి వెలుగు ఆ కొసదాకా పాకింది. కుర్చీ ఖాళీ.

"సింధూ," అన్నాను మెల్లగా. "అక్కడెవరున్నారే?"

"ఎవరూ లేరు."

"మరి నీళ్ళు ఎవరికి?"

అక్కడ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు.

"తెలీదమ్మా," అంది గుసగుసగా. "చప్పుడైతే నువ్వలాగే లేచేదానివి కదా..."

నేను చెయ్యి చాపి బల్ల కొస తడిమాను. లప్పం పెట్టిన చోటు నున్నగా, చల్లగా ఉంది.

"అమ్మా."

"ఊఁ."

"నా బల్లకి... ఈ నొక్కు ఎప్పుడు పడింది?"