రెండింటికి ఖలాస్

మధ్యాహ్నం ఒకటీ ముప్పై ఒకటి.

కువైట్‌లో రుమైథియా రోడ్డు మీద పురుగు కూడా లేదు. నలభై తొమ్మిది డిగ్రీలు. ఈ ఎండలో బయట తిరిగేవాడికి పిచ్చన్నా ఉండాలి, ప్రాణం మీదికన్నా వచ్చుండాలి.

ఆంజికి రెండోది.

అద్దంలో మళ్లీ చూశాడు. తెల్ల జీపు... వెనకాలే!

జీపులో ఫహద్. ఇంటి యజమాని బాబా కొడుకు. ఆంజి తోలుతున్నదీ ఆ బాబా కారే. తొమ్మిదేళ్లుగా ఆ ఇంటి డ్రైవర్. బాబాను షర్క్‌లో ఆఫీసు దగ్గర దింపడం, ఎండలో కాచుకుని కూర్చోవడం, మళ్లీ తెచ్చి ఇంట్లో దింపడం. కారు అద్దం మీద ఆ ఆఫీసు స్టిక్కర్ ఉంది. నీలం ఓడ బొమ్మ. నాలుగు నెలలుగా అయితే రోజూ షర్కే. ఏం పనో ఆంజి అడగలేదు. అడగడం డ్రైవర్ పని కాదు.

కళ్లు మండుతున్నాయి. రెండు రోజులుగా కునుకు లేదు.

చెల్లెలు మునిలక్ష్మి పోలీస్ స్టేషన్‌లో ఉంది. అదే ఇంట్లో పనిమనిషి. "నేనుండా గదమ్మా" అని తనే వీసా తీయించి తెచ్చాడు. ఇంటావిడ, అంటే మామా, బంగారు హారం పోయింది. దొంగ మునిలక్ష్మేనన్నారు. నాలుగింటికి కేసు పైకి పోతుంది. పోయిందంటే జైలే!

తీసింది ఫహద్.

వీడియో ఉంది. మామా గదిలో అద్దం తుడుస్తూ మునిలక్ష్మి పాటకు పెదాలు కదుపుతోంది. ఆమె వెనక, ఆ అద్దంలోనే... బీరువా తెరిచి హారం జేబులో వేసుకుంటున్న ఫహద్! పిచ్చిది, నేరుగా పోయి మామాకే చెప్పింది. ఫహద్ ఆమె ఫోన్ నేలకేసి కొట్టాడు.

కానీ వీడియో ఆమె పాటలు పెట్టే యాప్‌లోనూ ఉంది. ఎవరికీ కనబడకుండా, ఆమె అకౌంట్‌లో.

ఆ యాప్‌కూ ఈరోజే మూడింది. విదేశీ కంపెనీది. ఇక్కడ నడవాలంటే ఇక్కడివాళ్లకే అమ్మి తీరాలని సర్కారు పట్టుబట్టింది. అమ్మేశారు. సరిగ్గా రెండింటికి చేతులు మారుతుంది. దాచుకున్న పాత వీడియోలన్నీ తుడిచేస్తారట.

ఇంకా అరగంట కూడా లేదు...

అకౌంట్ తెరవాలంటే కోడ్ కావాలి. కోడ్ వేరే ఇంట్లో పనిచేసే సంజీవమ్మ ఫోన్‌కే వస్తుంది. వచ్చిన కొత్తలో మునిలక్ష్మికి సివిల్ ఐడీ లేదు. ఐడీ లేనిదే సిమ్ లేదు. ఎవరి నంబరైతే ఏంలే అని సంజీవమ్మ నంబరు మీద తెరిచారు. ఇప్పుడు ఆ మహాతల్లేమో ఫోనెత్తదు! పన్నెండుసార్లు చేశాడు.

స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పాడు. సందులోకి! టైర్లు కీచుమన్నాయి. చెత్త డబ్బా ఎగిరిపడింది. జీపు అదే ఊపులో ముందుకు పోయింది.

తప్పించుకున్నాడు. ఎంతసేపో తెలీదు.

ఒకటీ నలభై నాలుగు. సంజీవమ్మ పనిచేసే ఇల్లు. వెనక తలుపు దబదబా బాదాడు.

తలుపు తీసింది. చేతిలో ఫోన్. ఫోన్‌లో అదే యాప్, లైవ్. మామాలు అన్నం తిని పండుకునే ఈ ఒక్క గంటే పనిమనుషులంతా లైవ్‌లో కలుస్తారు. సంజీవమ్మతో కలిపి అరవై మంది. పెద్దగా మాట్లాడుకునేదేం ఉండదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నాలుగు మెతుకులు తింటారు, అంతే.

"మెల్లగబ్బీ! మామా పండుకోనుండాది."

"ఫోనెత్తవేంటికక్కా!"

"లైవ్‌లో ఉంటి. ఈపొద్దే కడాపటి రోజు గదా..."

"నీ లైవ్ పాడుగాను! ఆడ మా చెల్లెలు జైలుకు పోతాంది! కోడ్ చెప్పు!"

సంజీవమ్మ మొహం మాడిపోయింది. "ఆరు... రెండు... రెండు... తొమ్మిది."

తెరుచుకుంది! వీడియో ఉంది! డౌన్‌లోడ్ నొక్కాడు.

పది శాతం. పద్నాలుగు.

కువైట్ మొత్తం ఇదే పని మీదున్నట్టుంది. గీత నత్తలా పాకుతోంది.

"యాదీ, ఒకపారి ఆడనీ." సంజీవమ్మ పక్కకొచ్చి నిలబడింది. వీడియో ఆడింది. ఆమె చేతిలో ఫోన్ ఆంజి ఫోన్ వైపు ఎత్తి పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉంది.

"ఆ లైవ్ ఆపక్కా, నీకు దండం పెడతా!"

"ఆపేది లేదు," అంది.

ఆంజికి ఒళ్లు మండింది. తిట్టడానికి టైమ్ లేదు.

ఒకటీ యాభై ఏడు. అరవై శాతం.

బ్రేకుల చప్పుడు!

సందు చివర తెల్ల జీపు. ఫహద్ దిగాడు. పరిగెత్తడం లేదు. వాచీ చూసుకుంటూ నడిచొస్తున్నాడు...

డెబ్బై ఎనిమిది. ఎనభై తొమ్మిది. తొంభై ఒకటి...

రెండు!

తెర నల్లబడింది. తర్వాత మెల్లగా వెలుగు. యాప్ కొత్త గుర్తు పైకి తేలింది.

నీలం ఓడ బొమ్మ!

నాలుగు నెలలు... రోజూ షర్క్... యాప్ కొన్నది బాబా! ఆ సంతకాలకు కారు తోలింది తనే!

"ఖలాస్, ఆంజీ." ఫహద్ నవ్వి ఫోన్ లాక్కున్నాడు. "యాప్ మాది. వీడియో మాది."

గోడకేసి కొట్టాడు. ముక్కలు.

ఆంజి గడప మీద కూలబడ్డాడు. ఏడ్చే ఓపిక కూడా లేదు. చెల్లెలికి ఏ మొహం చూపించాలో తెలియలేదు.

టింగ్!

సంజీవమ్మ ఫోన్. వాట్సాప్.

టింగ్! టింగ్! టింగ్!

"పాత లైవ్‌లన్నీ పోతాయంట గదబ్బీ," అంది సంజీవమ్మ. చూపు ఫహద్ మీదే ఉంది. "గుర్తుకుండనీలే అని... అందరికీ పొద్దున్నే చెప్పినా. ఈపొద్దు లైవ్ ఎవురి ఫోన్లో వాళ్లు రికార్డు పెట్టుకోండమ్మా అని."

ఫోన్ తిప్పి చూపించింది. నిలోఫర్ పంపింది. రజియా బీ పంపింది. ఇంకా వస్తూనే ఉన్నాయి. అన్నిట్లో అదే అద్దం. అదే బీరువా. అదే ఫహద్!

ఫహద్ మొహంలో రంగు దిగిపోయింది. ఆమె ఫోన్ కోసం చెయ్యి చాచాడు.

సంజీవమ్మ అతని చేతిలో పెట్టేసింది.

"తీసుకో," అంది వచ్చీరాని అరబీలో. "ఇంకా యాభై తొమ్మిదుండాయి."