చీలమండకు నాలుగు వేళ్ల పైన

మూడోసారి కూడా పెట్టె మీద ‘నాలుగు’ అనే అంకే పడింది. నూకరత్నం కాలు వెనక్కి తీసుకుని, పొత్తికడుపు పట్టుకుని అక్కడే చతికిలబడింది. యాభై దాటితేనే రొయ్యల షెడ్డు తలుపు తెరుచుకుంటుంది. లేకపోతే సాయంత్రం ఆరుదాకా దేవుడు దిగొచ్చినా తెరుచుకోదు.

ఆ పెట్టె పేరు ఆక్యుమీటర్. చీలమండకు నాలుగు వేళ్ల పైన, కాలి లోపలి వైపు ఒక ఆక్యుపంక్చర్ పాయింట్ ఉంది. నెలసరి నొప్పి ఎక్కువైనప్పుడు అక్కడ వేలితో నొక్కితే చాలు, ప్రాణం జివ్వుమంటుంది. పెట్టెలోని రబ్బరు మొన అక్కడ మెల్లగా నొక్కుతూ పోతుంది. కండరం ఎంత తొందరగా ఉలిక్కిపడితే అంత పెద్ద అంకె. సెలవడిగే ఆడదాని మాట ఎవరూ నమ్మడం లేదని డాక్టర్ ఇందుమతి ఆరేళ్లు కష్టపడి దీన్ని తయారుచేసింది. ఉద్దేశం బంగారంలాంటిదే. కాకపోతే, పెట్టె వచ్చాక సూపర్‌వైజర్లకు మనిషి ముఖం చూసే పని కూడా తప్పింది.

నూకరత్నానికి అది మామూలు నెల కాదు. రెండు గంటల్లో మూడు ప్యాడ్లు తడిసిపోయాయి, కళ్లు బైర్లు కమ్మాయి. సూపర్‌వైజర్ సత్తిబాబు చెడ్డవాడేం కాదు, తాళం తన చేతిలో లేదని నీళ్లు నమిలాడు. ఆమె స్పృహ తప్పి పడ్డాక మాత్రం తలుపు తీశారు. దానికి వేరే మీట ఉందట.

ఇంకోసారి ఇలా రక్తం పోతే బతకడం కష్టమని, మొదలవగానే పరుగెత్తుకు రమ్మని ఆసుపత్రిలో చెప్పి పంపారు. మళ్లీ పనిలో చేరాక ఆమెకు తలుపు తప్ప ఇంకేమీ కనబడలేదు.

సంగతి తెలిసి మూడో వారంలో ఇందుమతి స్వయంగా వచ్చింది. పెట్టె విప్పి చూసింది. లోపం లేదు.

“పెట్టెనేటి చూత్తారండీ డాక్టరమ్మగారూ, మా కాళ్లు చూడండి,” అంది నూకరత్నం. “పొద్దుట్నించీ చిల్లు బూట్లతో ఐసు నీళ్లలో నిలబడతాం. గిల్లినా తెలీదు.”

ఇందుమతి ముఖం పాలిపోయింది. ఆమె పరీక్షలన్నీ కాలేజీ అమ్మాయిల మీద, వెచ్చటి గదిలో చేసింది. ఆ రోజు ఇందుమతికి నెలసరి రెండో రోజు. రుజువు తనే అవుతానని బూట్లు తొడుక్కుని వరసలో నిలబడి రొయ్యల తలలు తీసింది. మధ్యాహ్నానికి కడుపు మెలిపెట్టేసింది. కాలు పెడితే అంకె మూడు.

“చూశారా!” అని సంబరపడింది. తర్వాత తలుపు తీయమంది.

“మూడేనండి, మేడమ్,” అన్నాడు సత్తిబాబు.

“నాకు నిజంగానే నొప్పిగా ఉందయ్యా.”

“అందరూ అలాగే అంటారండి.”

ఆరుదాకా ఇందుమతి అక్కడే ఉండిపోయింది. నూకరత్నం తిరగేసిన ట్రే మీద చోటిచ్చి, ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దింది. ఎందుకోగానీ ఆ డాక్టరమ్మ మీద కోపం రాలేదు, జాలేసింది.

మొద్దుబారిన కాళ్ల దగ్గర పెట్టె పనికిరాదని ఇందుమతి పంపిన రిపోర్టుకు యాజమాన్యం మర్యాదగానే జవాబిచ్చింది. పెట్టె అంకె ముందు నోటిమాట రుజువు కాదని, పెట్టె అమ్మినప్పుడు ఆమే ఒప్పందంలో రాసిందట. పెట్టె ప్రతి అంకెతోపాటు ఫోటో కూడా తీస్తుంది. వారం తిరక్కుండా షెడ్డు గోడ మీద ఇందుమతి ఫోటో నిలువెత్తున వెలిసింది. కింద పెద్ద అక్షరాలతో, ‘కనిపెట్టిన డాక్టరే రోజంతా నిలబడ్డారు. నొప్పి: మూడు.’

నూకరత్నం ఆ ఫోటో ముందు నిలబడి, గ్లవ్స్ తీసి, వచ్చే నెలసరికి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. ఇంకా ఐదున్నాయి.