మొదటి బ్యాచి హాజరు

మా యూనివర్సిటీలో చర్చి వెనక ఒక పాతగది ఉంది. దాని పేరెత్తితే తోటమాలి కూడా మాట మార్చేస్తాడు. నూరేళ్ల కిందట పెద్ద ఫాదర్ గారు ఎనిమిదిమంది బీదపిల్లల్ని కూర్చోబెట్టి చదువు మొదలుపెట్టింది అందులోనే. ఇప్పుడున్న మేడలన్నీ ఆ తర్వాత లేచినవే. ఆ ఎనిమిదిమంది ఫొటో ఆఫీసులో వేలాడుతోంది. ఫొటోలో వాళ్లెవరూ ఇప్పుడు బతికి లేరు. కానీ తెల్లవారుజామున, పూజ గంట కొట్టకముందే, ఆ గదిలో హాజరు పిలుస్తారని చెప్పుకుంటారు... పిలిచేది పెద్ద ఫాదర్, పలికేది ఆ పిల్లలు.

నేను హాస్టల్లో వంటమనిషిని. మా తమ్ముడు అక్కడే వాచ్‌మన్. గది బయట జరిగింది వాడు చెప్పగా విన్నదే.

ఆ గది కూల్చి పెద్ద ఫాదర్ పేరున హాలు కట్టాలనుకున్నారు. ఆయన మాట పాలరాతి మీద చెక్కించడం కూడా అయింది: 'ఈ తలుపు బీదవాడికి మూయకండి.' మా తమ్ముడి కూతురికి సీటు లేదు పొమ్మన్న వారమే ఆ రాయి లారీలోంచి దిగింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే. నాకు ఒళ్లు మండిపోయింది గానీ, ఎవరికి చెప్పుకుంటాం?

దెయ్యాల గది, మేం ముట్టుకోం అన్నారు కూలీలు. యూనివర్సిటీని నడిపే రెక్టర్ ఫాదర్ తమ్ముణ్ణి పిలిచారు.

"నువ్వెళ్లి చూసిరా. ఏమీ లేదని నువ్వు చెబితే రేపే కూలగొట్టిస్తా."

ఆ సంగతి వాడు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు నాలుగున్నరకి బయల్దేరాడు. ఇంకా చీకటే... చేతిలో టార్చి ఉంది గానీ వేయలేదట. తలుపు సందులోంచి సన్నటి వెలుగు. లోపల ఎవరిదో ముసలి గొంతు—

"ఒకటి."

"ఉన్నాను."

"రెండు."

"ఉన్నాను."

అన్నీ గుసగుసలే. వాడు మెడలో జపమాల పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. మూడు... నాలుగు... ఆరు దాకా పలికారు.

"ఏడు."

చప్పుడు లేదు.

"ఏడు... రాలేదా?"

"ఉన్నాను. కునుకు పట్టింది."

ఆ గొంతు వాడికి తెలుసు. అది ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ తెలుసు.

తలుపు తోశాడు.

కిరసనాయిలు దీపం పక్కన, ఎప్పుడో రిటైరైన ముసలి సిస్టరమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో చివికిన పాత రిజిస్టరు. చుట్టూ మెట్లు ఊడ్చేవాళ్లు, గిన్నెలు తోమేవాళ్లు, ఒళ్లో పుస్తకాలతో. ఏడో నంబరు వాడి కూతురే. అత్తకి సాయంగా వంటింటికి పోతున్నానని రోజూ ఇంట్లో చెప్పి వచ్చేది. ఆ అబద్ధం నేర్పింది నేనే. ఎనిమిదో నంబరు కూడా నేనే.

మా పేర్లు ఏ రిజిస్టర్లోనూ ఎక్కవు కదా, అందుకని సిస్టరమ్మ మాకు ఆ మొదటి పిల్లల నంబర్లే ఇచ్చింది.

"తలుపు వెయ్యి నాయనా, దీపం ఆరిపోతుంది," అంది ఆమె. "దెయ్యం కథ పుట్టించింది నేనే. దెయ్యాలున్నాయంటే ఎవరూ రారు. బీదవాళ్లున్నారంటే వచ్చి తాళం వేస్తారు."

తమ్ముడు కూతురి వైపు చూశాడు. అది పుస్తకం మూయలేదు. వాడు తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

ఆ ఉదయమే రెక్టర్ ఫాదర్ ముందు సిలువ గుర్తు వేసుకుని చెప్పాడట.

"ఉన్నాయి ఫాదర్. నా కళ్లతో చూశాను."

హాలు మైదానం అవతల కట్టారు. పాలరాయి గుమ్మం మీద పెట్టారు. పాసు లేనిదే లోపలికి పోనివ్వరు. ఆ పాసులు చూసేది మా తమ్ముడే. పిల్ల మాత్రం ఇప్పటికీ గదికి వస్తోంది. ఈసారి సీటు కోసం మళ్లీ పరీక్ష రాస్తుంది.

ఇదయి రెండేళ్లు. పూజలో ఫాదర్ ఇచ్చే సత్ప్రసాదానికి అందరూ వరసలో లేస్తే తమ్ముడు వెనక బెంచీలోనే ఉండిపోతాడు. ఆడిన అబద్ధం ఫాదర్ దగ్గర ఒప్పుకోకుండా తీసుకోకూడదంటాడు. ఇక్కడ అలా పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం వినేది రెక్టర్ ఫాదర్ ఒక్కరే.

"విన్నది ఆయన ఎవరికీ చెప్పకూడదురా," అన్నాను.

"చెప్పరక్కా," అన్నాడు. "కానీ ఆయనకి తెలిసిపోతుంది కదా."