సాయిలు బాయిలర్

బాచుపల్లి బాటలో బట్టలకు రంగులద్దే మిల్లొకటి ఉండేది. దాని వెనక రేకుల కొట్టంలో ఒక బాయిలర్. నైజాం కాలం నాటిది. ఏనుగు పక్కకు ఒరిగి పడుకున్నట్టు ఉండేదట. పొద్దుగూకితే ఆ కొట్టం దిక్కు కుక్క కూడా పోయేది కాదంటారు.

ఎందుకంటే... లోపల సాయిలు ఉన్నాడు.

మంట మండే పెద్ద గొట్టంలో మనిషి పాకుతూ పోయి మసి దులపాలి. అక్కడి పనివాళ్ళకొక కట్టుబాటు ఉండేది. లోపలికి పోయేవాడు గొట్టం తలుపు ముందర చెప్పులు విడవాలి. చెప్పులున్నంతసేపు తలుపు మూయరాదు. ఏళ్ళ తరబడి ఆ చెప్పులే వాళ్ళకు గుర్తు.

ఒక రోజు, మసి దులిపే సాయిలు చెప్పు తెగింది. ఉత్తకాళ్ళతో వచ్చాడు, లోపలికి పాకాడు. తలుపు ముందర చెప్పులు లేవు. బాయిలర్ మంట చూసుకునే పెద్ద ఫైర్‌మన్ బాలనర్సయ్య తలుపు బిగించి, మంట ముట్టించాడు.

లోపల్నించి మూడు దెబ్బలు... ఠంగ్... ఠంగ్... ఠంగ్.

"ఇనుము ఒళ్ళు విరుచుకుంటున్నది" అన్నాడట బాలనర్సయ్య. మంట అట్లాగే మండింది.

అప్పటినుంచీ బాయిలర్ శుభ్రం చేసి మళ్ళీ ముట్టించిన ప్రతిసారీ మూడు దెబ్బలు. ముట్టించిన వెంటనే చిన్న ఫైర్‌మన్లు గేటు దాకా ఉరికేవాళ్ళు. బాలనర్సయ్య ఒక్కడే కొట్టంలో ఉండేవాడు.

రెండేళ్ళు గడిచాయి. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో బాయిలర్‌కు పోసే నూనె ధర మండిపోయింది. విశ్వేశ్వరరావు అనే ఇంజనీరును మిల్లు సేటు పిలిపించాడు.

"నూనెలో వంద పాళ్ళ వేడి ఉందనుకోండి" అన్నాడు ఇంజనీరు, బాయిలర్ పొట్ట మీద తట్టి. "అందులో డెబ్బై పాళ్ళన్నా ఆవిరిలోకి రావాలండి. సోమవారం కొలుస్తాను. ఒక్క పాలు తగ్గినా దీన్ని తుక్కు కింద కోయిస్తానన్నారు సేటుగారు. కొత్తది మీట నొక్కితే అదే మండుతుంది."

"మరి మేము?" అని అడిగాడు మొగిలి.

ఇంజనీరు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

మొగిలి ఏడాది కింద పనిలో కుదిరిన చిన్న ఫైర్‌మన్. పెళ్ళయి ఎనిమిది నెలలు. భార్య చంద్రమ్మ గాజుల చప్పుడు తలుచుకుంటే బాయిలర్ హోరు కూడా అతనికి పాటలాగే వినబడేది. కానీ పుప్పాలగూడలో పిల్లనిచ్చిన మామ రాజయ్య ముందే తెగేసి చెప్పాడు. "మిల్లు నౌకరి జూసి ఇచ్చిన. నౌకరి పోయిన నాడు నా బిడ్డను తోల్కపోత." ఆయన అన్నంత పనీ చేసే మనిషి.

అందుకని ఆదివారం రాత్రి మొగిలి ప్రాణం పెట్టి పనిచేశాడు. చెప్పులు విడిచి గొట్టంలోకి పాకాడు. తీగ బ్రష్షుతో మసి గీకాడు. సన్న గొట్టాలన్నీ ఒక్కొక్కటిగా పొడిచాడు. గొట్టం చివరనున్న, వేడికి తట్టుకునే అగ్గిమట్టి గోడ పగుళ్ళకు కొత్త మట్టి మెత్తాడు.

బయటకు వచ్చేసరికి కళ్ళు తప్ప అంతా నలుపే.

"ఏం పెండ్లికొడుకా!" అని నవ్వాడు బాలనర్సయ్య. "గీ మొఖమేస్కొని పోతే చంద్రమ్మ తలుపు తియ్యది. దయ్యమని చీపురు తిరగేస్తది."

"గెలుస్తమా మామా?" ముసలాయనను వరసపెట్టి మామా అనే పిలిచేవాడు మొగిలి.

"ఆఁ?"

"డెబ్బై వస్తదా అంట!" గట్టిగా అరిచాడు మొగిలి. ముప్పై ఏళ్ళ హోరుకు ముసలాయన చెవులు ఈ రెండేళ్ళలో పూర్తిగా పోయాయి. ఎదురుగా పెదాలు చూస్తే తప్ప అందదు.

"నువ్వు ఫికర్ జెయ్యకు."

మొగిలి చేతులు కడుక్కొచ్చి, తలుపు ఒక్కడే బిగించాడు. తెల్లవారుజామున నాలుగింటికి మొగిలి నూనె వదిలి కాగడా అందించాడు. గుప్పున అంటుకుంది. ఈసారి అతను ఉరకలేదు. మంట చూసుకోవాలి. చంద్రమ్మను తలుచుకుంటూ మంట కనబడే గాజుపలక ముందర నిలబడ్డాడు. పావుగంట... అరగంట...

ఠంగ్.

మొగిలి గాజుపలకకు దగ్గరగా వంగాడు.

ఠంగ్... ఠంగ్.

ఇనుమే అనుకున్నాడు. అంతలో మళ్ళీ... ఈసారి సన్నగా, లోలోపల్నించి, చేతిలో బలం లేనోడు కొట్టినట్టు... మూడు.

"మామా!"

పలుకు లేదు. అటు చూశాడు, ఇటు చూశాడు. ముసలాయన లేడు.

మొగిలి చూపు బిగించిన తలుపు మీదికి పోయింది. ఆఖరిసారి మసి చూసొస్తానని ముసలాయన లోపలికి పాకాడా? నేను చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడా? తలుపు ముందర చెప్పులు లేవు, నిజమే. కానీ సాయిలు పోయిన నాటినుంచీ బాలనర్సయ్య చెప్పులే తొడగలేదు!

మంట ఆర్పితే... నౌకరి. ఆర్పకపోతే...

మొగిలి నూనె కట్టేశాడు. కాలుతున్న బోల్టులు నాలుగూ ఊడదీశాడు. అరచేతుల చర్మం ఇనుముకే అంటుకుపోయింది. తలుపు లాగాడు. చల్లగాలి ఒక్కపెట్టున లోపలికి దూరింది. ఎక్కడో చివర... ఫట్‌మని పగిలిన చప్పుడు.

లాంతరెత్తి చూశాడు.

గొట్టంలో ఎవరూ లేరు.

"ఎందుకార్పినవ్‌ర!" బాయిలర్ వెనక సందులోంచి బాలనర్సయ్య ఉరికొచ్చాడు. లోపల పగిలి కూలిన అగ్గిమట్టి గోడను చూసి అక్కడే కూలబడ్డాడు.

ఆ గోడ లేకపోతే వేడి గొట్టాలు తిరగకుండా అడ్డదారిన పొగగొట్టంలోకి పోతుంది. ఉన్న మట్టితో ఏదో అతికించి మళ్ళీ ముట్టించారు. ఏడింటికి ఇంజనీరు వచ్చాడు. నూనె తొట్టిలో గీతల కర్ర ముంచి చూశాడు. నీళ్ళు డ్రమ్ములతో కొలిచాడు. పొగగొట్టంలో పొడుగాటి థర్మామీటరు పెట్టాడు. మధ్యాహ్నం దాకా కాగితం మీద రాసుకున్నాడు.

"అరవై ఒకటి" అన్నాడు మెల్లగా. "పొగలోనే పోతోందండి అంతా. ఏం చెయ్యను?"

సాయంత్రానికే ఇద్దరినీ పనిలోంచి తీసేశారు. ఇనుము కోసే గ్యాసు కట్టర్లవాళ్ళు అప్పటికే కొట్టంలో సిలిండర్లు దించుతున్నారు.

గేటు దగ్గర మొగిలి గుడ్డలు చుట్టిన చేతులు చూసుకుంటూ నిలబడ్డాడు. ఈపాటికి రాజయ్యకు సంగతి తెలిసే ఉంటుంది. బాలనర్సయ్య వచ్చి అతని ఎదురుగా ఆగాడు.

"నీ కడుపు కొట్టింది నేనేర, అల్లుడా."

"నువ్వేం జేసినవ్ మామా?"

"ఆ దెబ్బలు నాయే. ముట్టిచ్చినప్పుడల్లా ఎనకకు పోయి, పానాతోని మూడుసార్లు కొడ్త. ఆ దినం సాయిలు కొట్టిండు, నేను పలకలె. గందుకే... నేనున్న బిడ్డా అని ఇప్పుడు పలుకుతున్న."

మొగిలి కొట్టం దిక్కు చూశాడు. ముసలాయన కొట్టింది మూడు. మరి తరవాతి మూడు?

బాలనర్సయ్య అతని భుజం పట్టుకున్నాడు. కళ్ళు మొగిలి పెదాల మీదే ఉన్నాయి. "నా చెవులు సచ్చినయ్. ఇనుము మీద చెయ్యి వెట్టి సూస్త... ఏం తెల్వది. నీయి వయసు చెవులు. నిజం జెప్పు. నేను కొట్టినంక లోపల్నించి ఏమన్నా... ఇనవడ్డదా?"

చెప్తే ముసలాయన గుండె పగిలి చస్తాడనుకున్నాడు మొగిలి. సాయిలు ఇంకా ఆ మంటలోనే ఉన్నాడని ఏ నోటితో చెప్పాలి?

"లేదు మామా. ఏం ఇనవడలె."

ముసలాయన ముఖం తేటపడుతుందనుకున్నాడు. పడలేదు. దీపం వత్తి లాగేసినట్టు ఆరిపోయింది.

"గట్లనా..." అన్నాడు. "ఒక్కసారన్నా పలుకుతడనుకున్నర. మాఫ్ జేసిండు అనుకుందామని... ఇగ రేపటినుంచి కొట్టనీకె ఇనుమే లేదు."

భుజం మీది చెయ్యి జారింది. బాట పట్టాడు.

కొట్టంలో కట్టరు నీలంగా భగ్గుమంది.

"మామా! పలికిండు! పలికిండు మామా!" మొగిలి గొంతు చించుకుని అరిచాడు.

వెనకనుంచి పిలిస్తే ఆయనకు వినబడదు. ఉరికి పట్టుకుందామని మొగిలి అడుగు వేశాడు. కట్టరు మంట ఇనుమును ముట్టిన ఆ క్షణాన, కొట్టంలో బాయిలర్ లోపల్నించి మళ్ళీ దెబ్బలు మొదలయ్యాయి... ఈసారి మూడు దగ్గర ఆగలేదు.