కెటిల్ బస్సు నాలుగో చక్రం

"అత్తా, నీ బస్సుకి ఒక చక్రం తక్కువైంది!"

ఆ కేక వేసింది మెకానిక్. మెకానిక్ అంటే మీసాల పెద్దాయన అనుకునేరు, తొమ్మిదేళ్ల పిల్ల! వాళ్ల నాన్నకి బళ్లు బాగుచేసే షెడ్డుంది. హారన్ వినగానే అది ఏ బండో చెప్పేస్తుందని ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు.

అత్త లోపల కుంచెలు కడుగుతోంది. నీళ్ల చప్పుడులో ఆమెకు ఈ కేక వినపడలేదు.

అత్త పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. బల్ల మీద ఆరబెట్టిన బొమ్మ చూసి మెకానిక్ నోరు తెరిచింది. టీ కెటిల్‌తో బస్సు! కెటిల్ కొమ్ములోంచి పొగ. కిటికీల్లో గొడుగులు పట్టుకున్న కప్పలు. స్టీరింగ్ దగ్గర కళ్లజోడు పెట్టుకున్న తాబేలు. ఒక చక్రం బిస్కెట్టు, ఒకటి గడియారం, ఇంకోటి నిమ్మచెక్క.

"అబ్బో! ఇలాంటి బండి మా షెడ్డుకి ఒక్కసారైనా రాలేదే!" అనుకుంది.

కానీ ముందు చక్రం ఉండాల్సిన చోట ఖాళీ. బస్సు ఆ పక్కకి ఒరిగి ఉంది.

"మలుపు తిరిగితే బోల్తా కొట్టదూ? పాపం, బళ్ల గురించి అత్తకేం తెలుసు!"

మెకానిక్ బ్యాగులోంచి నల్ల మార్కర్ తీసింది. ఖాళీలో గుండ్రంగా టైరు వేసింది. నట్లు కూడా మరిచిపోలేదు. అడుగున రంగు ఇంకా తడిగా ఉంది. నలుపు నెమ్మదిగా పాకి తాబేలు దాకా వెళ్లింది.

అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆగిపోయింది.

"ఏమిటే ఇది?"

"రిపేరు చేశానత్తా."

అత్త కుర్చీలో కూలబడింది. "ఒక రోజంతా కూర్చుని వేశానే ఈ బొమ్మ! రేపు సాయంత్రానికి అన్నీ ప్రెస్సుకి వెళ్లాలి."

"చక్రం లేదు కదా మరి..." అంది మెకానిక్, మార్కర్‌కి మూత పెడుతూ.

"మిగతా పేజీలు చూశావా?"

"లేదు."

అత్త ఫైలు విప్పి, బొమ్మలన్నీ నేల మీద వరసగా పరిచింది.

మొదటి పేజీలో బస్సు రాయి ఎక్కింది. నాలుగో చక్రం ఊడి దొర్లిపోయింది. అది ఎర్ర గుండీ! రెండో పేజీలో ఓ చీమ దాన్ని నిలబెట్టింది. తర్వాతి పేజీలో గుట్ట మీదకి తోస్తోంది. ఇంకో పేజీలో వాన. చీమ గుండీనే పడవ చేసుకుంది. చెడిపోయిన బొమ్మలోనూ చీమ ఉంది, రోడ్డు చివర, ఆవగింజంత. ఆఖరి పేజీలో చీమ మునివేళ్ల మీద లేచి గుండీ బిగిస్తోంది. కప్పలన్నీ గొడుగులు పైకి ఎగరేశాయి.

మెకానిక్ ఒళ్లు పులకరించింది. మోకాళ్ల మీద పాకుతూ అన్నీ మళ్లీ చూసింది. చూస్తూ చూస్తూ ఏడ్చేసింది.

"చక్రం నేనే పెట్టేశాను. ఇంక చీమ ఎందుకు పరిగెత్తాలి అత్తా? తప్పయిపోయింది."

"నాకు కోపం వచ్చిన మాట నిజం. కాసేపు ఉంటుంది కూడా. ముందు ఆ నీళ్ల గిన్నె అందుకో."

మర్నాడు మధ్యాహ్నానికి కొత్త బొమ్మ పూర్తి కావచ్చింది. మెకానిక్ నీళ్లు మార్చింది, పెన్సిళ్లు చెక్కింది, సలహా ఒక్కటీ ఇవ్వలేదు. చివర్లో అత్త ఒక చుక్క పెట్టింది. పక్కన ఇంకో చుక్క, ఆరు గీతలు. అంతే, చీమ పరుగందుకుంది! మెకానిక్ ఊపిరి బిగబట్టి చూసింది.

వారం తర్వాత ఇంట్లో మెకానిక్ చెల్లి తన నోటుబుక్కులో కారు వేసి చూపించింది. చక్రాలు నాలుగూ కారు పైకప్పు మీద ఉన్నాయి.

మెకానిక్ చెయ్యి పెన్సిలు మీదకి వెళ్లింది. అక్కడే ఆగింది. ఆ పెన్సిలు చెవి మీద పెట్టుకుని చెల్లి పక్కన చతికిలబడింది.

"ఇంకా పేజీలున్నాయా?"

"ఓ, బోలెడు!"

"అయితే మొదటి పేజీ నుంచి చూపించవే."