సఫారీ కోటు మీద అతుకు

వ్యాన్ ఇంకా వెనకే ఉంది!

టైలరమ్మ స్కూటర్ అద్దంలోకి చూస్తుంది. వానలో రెండు హెడ్‌లైట్లు... దగ్గరకొస్తున్నాయి.

ఇంకా దగ్గరికి!

చీకటి పడి గంట కూడా కాలేదు. రోడ్డు నిండా జనం ఉండాల్సిన వేళ. ఈ దిక్కుమాలిన వాన అందర్నీ ఇళ్లల్లో కూర్చోబెట్టింది. అరిచి గీపెట్టినా వినే నాథుడు లేడు.

రెయిన్‌కోటు లోపల, ఒంటికి హత్తుకుని ఇంకో కోటు ఉంది. ఎండుగడ్డి రంగు సఫారీ కోటు.

దాని కోసమే వ్యాన్‌లో గుండు తరుముకొస్తున్నాడు. గుండు అంటే, జనాన్ని ఆఫ్రికా ట్రిప్పులకి పంపే సఫారీ సార్ డ్రైవర్. తల నున్నగా ఉంటుంది, మనిషి మాత్రం మహా గరుకు.

"ఏయ్... ఆగు!"

ఆగుతుందా? పిచ్చా!

ఎడమ పక్క ఇరుకు సందు. టక్కున తిప్పుతుంది. వ్యాన్ పట్టదు. వెనక బ్రేకులు కీచుమంటాయి... ఆ వెంటనే బూతులు.

హమ్మయ్య!

కానీ ఎంతసేపు? వాడికి చెల్లి ఫ్లాట్ తెలుసు. చుట్టు తిరిగి అక్కడికే వస్తాడు.

వాడికంటే ముందు తను చేరాలి. చెల్లిని బయటికి లాగాలి. లేకపోతే తెల్లవారుజామున ఆ వెర్రిమొహం ఫ్లైటెక్కుతుంది... ఇక తిరిగి రాదు!

నెల రోజుల నుంచీ చెల్లికి ఒకటే గోల. ఆఫ్రికా! సఫారీ! తింటూ ప్లానింగే, పడుకునీ ప్లానింగే.

"గట్టి సూట్‌కేసు పనికిరాదంటక్కా. మెత్తటి బ్యాగే తేవాలంట. అడవిలోకి వెళ్లేది బుల్లి విమానం మరి!"

"నీలం రంగు వేసుకోకూడదంట. అక్కడో ఈగ ఉందంట, నీలం కనిపిస్తే చాలు వచ్చి పీకుతుందంట!"

"జీప్‌లో లేచి నిలబడకూడదంట. నీ వల్లయితే కాదులే అక్కా, నీకు ప్రతిదీ తొంగి చూడాలి!"

టైలరమ్మ నవ్వి ఊరుకుంది. ఖర్చంతా సఫారీ సార్‌దే అంటే, ఆయనకెందుకే అంత ప్రేమ అని అడగలేదు. చెల్లి కొత్త ఫ్లాట్ తీసుకున్నప్పుడూ అడగలేదు. అమ్మ పోయాక చంకనేసుకుని పెంచిన పిల్ల. దాని ముఖంలో నవ్వు చెడగొట్టడం ఆమె వల్ల కాదు.

ఈ రోజు పొద్దున ఈ కోటు తెచ్చి మిషను మీద పడేసింది చెల్లి.

"నడుం దగ్గర కాస్త బిగించక్కా. సాయంత్రం గుండు వచ్చి పట్టుకెళ్తాడు. అతుకుల జోలికి మాత్రం పోకు!"

టైలరమ్మ చూడగానే గుర్తుపట్టింది. తను కుట్టిన కోటే! నాలుగు నెలల క్రితం సార్ పంపితే ఒక అమ్మాయి వచ్చి కుట్టించుకుంది. అచ్చం చెల్లి పోలికే, కాస్త ఒళ్లు ఎక్కువ. టేపు పెడితే చక్కిలిగింతలంటూ ఒకటే నవ్వు. నవ్వులపిల్ల అని పేరు పెట్టేసుకుంది టైలరమ్మ.

"ట్రిప్పంతా ఫ్రీ అండీ!" అంది ఆ పిల్ల. "చచ్చిన ఖడ్గమృగం పక్కన తుపాకీ పట్టుకుని ఫోటో దిగాలి, అంతే! వేటాడింది నేనే అని సంతకం పెడితే దాని కొమ్ము దర్జాగా తెచ్చుకోవచ్చంట. పర్మిట్ నా పేరు మీదే. కొమ్ము మాత్రం సార్‌కి ఇచ్చెయ్యాలి."

కోటు తీసుకెళ్లిన రోజు మాత్రం నవ్వలేదు.

"చంపని దాన్ని చంపానని ఎలా చెప్పనండీ? నాకెందుకో మనసొప్పడం లేదు."

మళ్లీ కనిపించలేదు. వెళ్లొచ్చేసి ఉంటుందిలే అనుకుంది టైలరమ్మ. ఆ పిల్ల కోటు నీ దగ్గరెందుకుందే అని నోటిదాకా వచ్చింది. అప్పటికే చెల్లి మెట్లు దిగిపోయింది.

అతుకులు రెండు. ఒకటి వీపు మీద, ఒకటి ఎడమ జేబు పైన. నడుం బిగించాలంటే వీపు మధ్య కుట్టు విప్పాలి. ఆ కుట్టు కాస్తా అతుకు కిందికి పోయింది. ఎగుడుదిగుడుగా కుట్టిచ్చే మనిషి కాదు టైలరమ్మ. దీన్ని మళ్లీ వేస్తే పోలా అనుకుని బ్లేడు పెట్టింది.

అతుకు ఊడొచ్చింది.

కింద... కన్నం! చిటికెనవేలు పట్టేంత. చుట్టూ గుడ్డ మాడిపోయింది. లైనింగ్ మీద ఎంత ఉతికినా వదలని మరక.

ముందు వైపు అతుకూ పీకింది. అక్కడా కన్నమే! సరిగ్గా గుండె మీద!

పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడే గుండు షాపులోకి వచ్చాడు. వాడి చూపు కోటు మీద పడింది. తర్వాత ఆమె ముఖం మీద.

"ఎవరు విప్పమన్నారు?" అన్నాడు మెల్లిగా.

చేతిలో కత్తెర వాడి ముఖాన కొట్టి, కోటు లాక్కుని, వెనక తలుపులోంచి పరుగో పరుగు!

అదిగో... చెల్లి ఫ్లాట్!

స్కూటర్ స్టాండ్ కూడా వెయ్యదు. అది దబ్బున పడిపోతుంది. పడితే పడనీ! మూడంతస్తుల మెట్లు. ఊపిరాడటం లేదు. తలుపు రెండు చేతులతో బాదుతుంది.

చెల్లి తలుపు తీస్తుంది. "ఏంటక్కా ఈ అవతారం!"

దాన్ని లోపలికి తోసి గడియ పెడుతుంది.

మంచం మీద సఫారీ సరంజామా అంతా పరిచి ఉంది. మెత్తటి బ్యాగు, టోపీ, నల్ల కళ్లద్దాలు, బైనాక్యులర్స్, దోమల మందు.

"బయల్దేరు! వెనక మెట్ల మీదుగా పోదాం! ఇప్పుడే!"

"ఎక్కడికి?"

"నిన్ను చంపేస్తారే పిచ్చిదానా! ఈ కోటు కుట్టించుకున్న పిల్లని చంపేశారు! ఇదిగో చూడు... వీపులోంచి కాల్చారు!"

రెయిన్‌కోటులోంచి కోటు లాగి కన్నాలు చూపిస్తుంది. ఏడుపు తన్నుకొస్తోంది.

చెల్లి చూస్తుంది. ఉలిక్కిపడదు.

విసుక్కుంటుంది!

"అతుకుల జోలికి పోవద్దని చెప్పానా లేదా? ఒక్క మాట వింటావా నువ్వు!"



కింద వ్యాన్ ఆగిన చప్పుడు.

"నీకు... తెలుసా?"

"దాని ఫోటో, దాని పాస్‌పోర్టు అన్నీ పంపి పర్మిట్ తెప్పించాం అక్కా. అంతా అయ్యాక రానంటుందా? పోలీసులకి చెప్తానంటుందా? ఇప్పుడు దాని పేరుతో నేనే వెళ్తున్నా. మా ముఖాలు ఎలాగూ కలుస్తాయి. ఫోటోలో వేసుకున్నది ఈ కోటే. ఇదీ కలవాలిగా!"

"ఎవరు... ఎవరు కాల్చారే?"

చెల్లి తల దించుకుంటుంది. చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చి ఇలాగే నిలబడేది.

"నా మాట వినకుండా వెళ్లిపోతోంది అక్కా. ఇంకేం చెయ్యను?"

టైలరమ్మ గోడ పట్టుకుంటుంది.

"మరి... నా దగ్గరికెందుకు తెచ్చావు దీన్ని?"

"బయటి టైలరైతే సవాలక్ష అడుగుతాడు. నువ్వెప్పుడైనా నన్ను ఏదైనా అడిగావా?"

చెంప ఛెళ్లుమన్నట్టుంది. అడగలేదు. నిజమే. ఒక్కసారి కూడా అడగలేదు.

తలుపు మీద దబదబా చప్పుడు!

"తియ్యకే! నీకు దణ్ణం పెడతా!"

చెల్లి వెళ్లి గడియ తీస్తుంది.

గుండు! నుదుటి మీద కత్తెర గాటు. రక్తం కంట్లోకి కారుతోంది. తలుపు మూసి, టైలరమ్మ వెనక్కొచ్చి భుజాలు రెండూ పట్టేస్తాడు.

"సార్‌కి ఇంకా ఫోన్ చెయ్యలేదు. మీ అక్క కదా అని ఆగా," అంటాడు చెల్లితో. "ఈవిడ సంగతి నువ్వు చూస్తావా? నన్ను చూడమంటావా?"

చెల్లి మంచం దగ్గరికి పోయి దిండు కింద చెయ్యి పెడుతుంది.

పిస్టల్!

"నేనే చూస్తా."

"నన్నా? నన్నేనా చంపేది?" టైలరమ్మ గొంతు చీరుకుపోతుంది. "నీకు ముద్దలు కలిపి పెట్టిన దాన్నే!"

"కళ్లు మూసుకో అక్కా."

కోటుని గుండెలకి అదుముకుని కళ్లు మూసుకుంటుంది. అంతా అయిపోయింది...

ఢాం!!!

భుజాల మీద పట్టు సడలుతుంది. వెనకాల బరువుగా ఏదో కూలిన చప్పుడు. చెవులు గింగురుమంటున్నాయి. చెంప మీద వెచ్చగా, తడిగా...

మెల్లిగా కళ్లు తెరుస్తుంది.

గుండు నేల మీద పడున్నాడు. కదలడం లేదు.

తను బతికే ఉంది! చెల్లి తనని చంపలేదు! ఎంత చెడిపోయినా తను పెంచిన పిల్లే! ఏడుస్తూ రెండు చేతులూ చాపుతుంది.

చెల్లి గబగబా వస్తుంది.

ఆ చేతుల్లోంచి కోటు లాక్కుంటుంది. లైటు కిందికి తీసుకెళ్లి, వెనకా ముందూ తిప్పి తిప్పి చూస్తుంది.

"హమ్మయ్య... దీని మీద పడలేదు." కోటు మళ్లీ అక్క చేతుల్లో పెడుతుంది. "కుట్టక్కా. ఫ్లైటుకి టైమవుతోంది."